కర్మాగారంలో జ్ఞాన నిర్వహణ: రాసి పెట్టడం ఒక ఎత్తు, అందుకోవడం ఒక ఎత్తు

అమెరికా అణ్వాయుధాల్లో వాడే ‘ఫాగ్‌బ్యాంక్’ అనే పదార్థం ఏమిటో, దాన్ని ఎలా చేస్తారో నేటికీ రహస్యమే. టెనెస్సీ రాష్ట్రంలోని ఓక్‌రిడ్జ్‌లో ఉన్న వై-12 కర్మాగారం 1975 నుంచి 1989 వరకు దాన్ని తయారుచేసి, ఆ తర్వాత ఉత్పత్తి నిలిపివేసింది. డబ్ల్యూ-76 రకం వార్‌హెడ్‌ల (క్షిపణి మొనలో ఉండే అణ్వాయుధాల) ఆయుష్షు పెంచాలని 2000లో నిర్ణయించినప్పుడు ఆ పదార్థం మళ్లీ కావలసి వచ్చింది. అప్పటికి తయారీ పద్ధతి గురించిన రికార్డులు కొద్దిగానే మిగిలాయి, ఆ పని తెలిసినవాళ్లు దాదాపు అందరూ రిటైరయ్యారు లేదా సంస్థను వదిలి వెళ్లిపోయారు. కొత్తగా ప్లాంటు కట్టి, దొరికిన కాగితాలను అక్షరాలా పాటించి చేసినా సరుకు పాతదానిలా రాలేదు. ఏళ్లు గడిచాక తేలిన కారణం ఇది: పాత రోజుల్లో వాడిన ముడిపదార్థంలో ఒక మలినం ఉండేది, పదార్థానికి కావలసిన గుణం దాని వల్లే వచ్చేది. ఆధునిక శుద్ధి ప్రక్రియ ఆ మలినాన్ని పూర్తిగా తీసేస్తోంది. మొదట తయారుచేసినవాళ్లకు కూడా ఆ మలినం అవసరమని తెలియదు. ఈ వ్యవహారం వల్ల దాదాపు 7 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయనీ, కార్యక్రమం ఆలస్యమైందనీ అమెరికా ప్రభుత్వ పద్దుల తనిఖీ సంస్థ 2009లో నివేదించింది.

రికార్డులు భద్రపరచకపోతే జ్ఞానం పోతుందని ఈ ఉదంతాన్ని చూపించి చెప్పడం పరిపాటి. అది నిజమే గాని సగం నిజం. రికార్డులన్నీ భద్రంగా ఉన్నా ఆ మలినం సంగతి వాటిలో ఉండేది కాదు, ఎందుకంటే అది ఎవరూ రాయాలని అనుకోని విషయం. పెద్ద ఉత్పత్తి సంస్థలో జ్ఞాన నిర్వహణ, అంటే పరిశ్రమ వర్గాలు నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అనీ కేఎం అనీ పిలిచే కార్యక్రమం, ఎందుకు తరచూ దెబ్బతింటుందో అర్థం కావాలంటే ఈ మిగతా సగం నుంచి ఆలోచించాలి. ఒక చోట తెలిసినదాన్ని మరొక చోట ఉన్నవాడు అందుకుని తన పనిలో వాడుకున్నప్పుడే ఆ కార్యక్రమం జరిగినట్టు లెక్క. చాలా కంపెనీలు మాత్రం ఎన్ని పత్రాలు పోర్టల్‌లోకి ఎక్కాయో లెక్కపెట్టి, పని జరిగిందని నమ్ముతున్నాయి.

ప్లాంటులో తెలివి ఉండే చోటు

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్‌ను, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించి ద్రవ ఇనుము తీసే పెద్ద కొలిమిని తీసుకుందాం. కొలిమి అడుగున ట్యాప్‌హోల్ అనే రంధ్రాన్ని డ్రిల్‌తో తెరిచి, సుమారు 1500 డిగ్రీల వేడిలో ఉన్న ద్రవ ఇనుమును బయటికి వదిలి, పని కాగానే మడ్ గన్‌తో ప్రత్యేకమైన బంకమట్టి కొట్టి మూసేస్తారు. ఎంత మట్టి పట్టింది, రంధ్రం పొడవు ఎంత వచ్చింది, ఎంతసేపు ఇనుము పారింది అన్నవన్నీ లాగ్‌బుక్‌లో నమోదవుతాయి. కానీ ధార చిమ్ముతున్న తీరు చూసి రంధ్రం పొడవు తగ్గిపోతోందని పసిగట్టడం, కొలిమిలోకి వేడిగాలి పంపే గొట్టాలైన ట్వియర్ల దగ్గర చూపు గాజులోంచి లోపలి కాంతిని చూసి కొలిమి చల్లబడే ధోరణిలో ఉందని పరికరం చెప్పకముందే అనుమానించడం, అలాంటప్పుడు గాలి ఎంత తగ్గించాలో తేల్చుకోవడం ఇవి కాగితం మీదికి రావు. ద్రవ ఇనుము బయటికి వదిలే ఆవరణలో, అంటే కాస్ట్‌హౌస్‌లో, ఇరవై ఏళ్లు నిలబడిన మనిషిని అడిగితే ‘చూస్తే తెలిసిపోతుందండీ’ అంటాడు. అతను దాచుకోవాలని అలా అనడం లేదు. తనకు ఎలా తెలుస్తోందో తానే విడమరిచి ఎప్పుడూ చూసుకోలేదు.

అలాగని అంతా అలాంటి చెప్పలేని తెలివే అనుకోవడం కూడా పొరపాటు. ప్లాంటులో పోయే జ్ఞానంలో పెద్ద భాగం మామూలుగా రాయదగినదే. ఏ గేర్‌బాక్స్‌కు మాన్యువల్‌లో రాసినదానికన్నా వేరే షిమ్ (సందు సరిచేసే పలుచని రేకు) వాడాల్సి వస్తోంది, ఏ సప్లయర్ పంపిన రిఫ్రాక్టరీ ఇటుక (అధిక వేడిని తట్టుకునే ఇటుక) వానాకాలంలో ఇబ్బంది పెట్టింది, ఫలానా ఇంటర్‌లాక్‌ను (ప్రమాదకర స్థితిలో యంత్రం నడవకుండా ఆపే ఏర్పాటును) గతంలో ఎందుకు మార్చారు, ఫలానా వాల్వ్‌ను ఎందుకు సగమే తెరవాలి వంటివి రెండు వాక్యాల్లో చెప్పగల సంగతులే. అవి పోవడానికి కారణం రాయడం రాకపోవడం కాదు, రాయమని ఎవరూ సరైన వేళకు అడగకపోవడం. ఈ రెండు రకాల జ్ఞానానికీ ఒకే మందు వేసే కార్యక్రమం రెండింటిలోనూ విఫలమవుతుంది. మొదటిదానికి పక్కన నిలబడి నేర్చుకునే శిష్యరికం కావాలి, రెండోదానికి రోజువారీ కాగితాల్లో చిన్న సవరణ చాలు.

పదవీ విరమణల వల్ల ఇది మన దగ్గర ఎంత తొందరగా ముంచుకొస్తుందో చెప్పడానికి విశాఖ ఉక్కు కర్మాగారం చాలు. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ 1990లో మొదలైంది, ప్లాంటును 1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఒక ప్లాంటు మొదలయ్యేటప్పుడు కావలసిన మనుషులందరినీ కొద్ది ఏళ్ల వ్యవధిలోనే తీసుకోవలసి వస్తుంది. 1990లో పాతికేళ్ల వయసుతో చేరిన ఇంజినీరుకు 2025లో అరవై నిండుతాయి. ఒకే తరంగా వచ్చినవాళ్లు ఒకే తరంగా వెళ్లిపోతారు. సోవియట్ సహకారంతో కట్టిన యంత్రాలను మొదటిసారి నడిపించి, వాటి మొండితనాన్ని లొంగదీసుకున్నవాళ్లు కూడా ఆ తరమే. యాభై అరవై ఏళ్ల క్రితం మొదలైన ప్రభుత్వరంగ కర్మాగారాలన్నింటిదీ ఏదో ఒక దశలో ఇదే పరిస్థితి.

ఇలాంటి చోట ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే వేలమంది తెలివిని ఒకేసారి సేకరించడం జరిగే పని కాదు. అమెరికాలోని విద్యుత్ సంస్థ టెనెస్సీ వ్యాలీ అథారిటీ దీనికి చాలా సరళమైన లెక్క వాడింది. ఒక ఉద్యోగి ఎంత త్వరలో వెళ్లిపోతాడన్నదానికి 1 నుంచి 5 వరకు ఒక అంకె, అతని పనిలోని జ్ఞానం ఎంత అరుదైనది, ఎంత కీలకమైనది అన్నదానికి 1 నుంచి 5 వరకు మరో అంకె వేస్తారు. రెండింటినీ హెచ్చవేస్తే గరిష్ఠంగా 25 వస్తుంది. ఆ అంకె పైకి వెళ్లిన స్థానాల మీదే ముందు పని మొదలవుతుంది. ఈ పద్ధతిలో మెచ్చదగిన అంశం, ఆ తర్వాత పైఅధికారి తేల్చుకోవలసిన సంగతులు మూడే కావడం: ఏం పోతుంది, పోతే ఏమవుతుంది, దానికి ఏం చేయాలి. చివరి ప్రశ్నకు జవాబు ప్రతిసారీ ‘రాయించాలి’ అని ఉండనవసరం లేదు. కొన్నిసార్లు ఆ యంత్రాన్నే మార్చేయడం, కొన్నిసార్లు ఆ జ్ఞానం పోయినా ఫరవాలేదని ఒప్పుకోవడం, కొన్నిసార్లు ఇద్దరు కుర్రవాళ్లను ఆరు నెలల ముందే ఆ మనిషి పక్కన వేయడం సరైన జవాబు అవుతుంది. మన దగ్గర చాలా చోట్ల జరుగుతున్నది, రిటైర్మెంటుకు వారం ముందు ‘మీ అనుభవాలు రాసివ్వండి’ అని ఫారం చేతికివ్వడం. ముప్పై అయిదేళ్ల ఉద్యోగానికి ఇది అగౌరవం, ఆ ఫారాన్ని తర్వాత తెరిచే అవసరం కూడా ఎవరికీ పడదు.

జమ లెక్కలు, ఖర్చు లెక్కలు

భారతదేశంలో భారీ పరిశ్రమల్లో ఈ పనిని తొలి రోజుల్లోనే వ్యవస్థాగతంగా చేపట్టిన సంస్థల్లో టాటా స్టీల్ ముఖ్యమైనది. జమ్‌షెడ్‌పూర్‌లో 1999లో ఆ కార్యక్రమం మొదలైంది. ఉద్యోగులు తమ అనుభవంలో తెలుసుకున్నదాన్ని ‘నాలెడ్జ్ పీస్’ పేరుతో చిన్న చిన్న రచనలుగా సమర్పించడం, వాటిని అందరికీ అందుబాటులో ఉండే పోర్టల్‌లో పెట్టడం తొలి అడుగు. ఆ తర్వాత సమర్పించినవాటిని ఆ రంగంలోని నిపుణులు పరిశీలించి విలువ కట్టే ఏర్పాటు, ఒకే రకమైన పని చేసేవాళ్లు విభాగాల గోడలు దాటి కలుసుకునే నాలెడ్జ్ కమ్యూనిటీలు, విభాగాల భాగస్వామ్యాన్ని కొలిచే సూచిక వచ్చి చేరాయి. అదే సంస్థకు జపాన్‌లో నాణ్యతకు ఇచ్చే బహుమతులు, 2008లో డెమింగ్ అప్లికేషన్ ప్రైజ్, 2012లో డెమింగ్ గ్రాండ్ ప్రైజ్ వచ్చాయి. అవి కేఎంకు వచ్చిన బహుమతులు కావు, మొత్తం నాణ్యతా నిర్వహణకు వచ్చినవి. అయినా సంబంధం ఉంది. పని ప్రమాణాన్ని రాసుకుని, సమస్య రాగానే కారణం వెతికి, ప్రమాణాన్ని తిరిగి సవరించే అలవాటు ఉన్న చోట కేఎంకు నిలబడే నేల దొరుకుతుంది. ఆ అలవాటు లేని చోట పోర్టల్ గాలిలో వేలాడుతుంది.

సమర్పణతో మొదలుపెట్టి పరిశీలనకూ కమ్యూనిటీలకూ చేరుకున్న ఈ క్రమంలో గమనించవలసిన విషయం ఉంది. సమర్పించడాన్ని మాత్రమే లెక్కపెట్టి, దాన్ని పనితీరు మదింపుతో ముడిపెడితే ఏ సంస్థలోనైనా జరిగేది ఒకటే. మార్చి నెల దగ్గరపడేసరికి పత్రాల వరద వస్తుంది. ఒకే విషయాన్ని నాలుగు ముక్కలు చేసి నాలుగుగా పంపుతారు, ట్రైనింగ్ నోట్సు నుంచి ఎత్తి రాస్తారు. పోర్టల్ నిండుతుంది, కానీ రాత్రి రెండు గంటలకు బ్రేక్‌డౌన్ మధ్యలో ఉన్న షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కు అందులో కావలసినది దొరకదు. రెండుసార్లు వెతికి దొరకనివాడు మూడోసారి వెతకడు, ఫోను తీసి తెలిసినవాడిని నిద్ర లేపుతాడు. పోర్టల్‌లోని సంఖ్య పెరిగేకొద్దీ దాని మీద నమ్మకం తగ్గే ఈ పరిణామాన్ని చాలా కంపెనీలు ఆలస్యంగా గుర్తిస్తాయి.

రాసేవాడికి ఏమివ్వాలన్నదానిపై జెరాక్స్ అనుభవం బాగా పనికొస్తుంది. ఆ సంస్థలో ఫొటోకాపియర్లు బాగుచేసే టెక్నీషియన్లు ఎలా పనిచేస్తున్నారో 1980లలో జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త దగ్గరుండి పరిశీలించాడు. మాన్యువల్ చూసి చేయలేని మరమ్మతులను వాళ్లు టిఫిన్ బల్ల దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథల ద్వారా నేర్చుకుంటున్నారని తేలింది. ఆ కథలను చిట్కాల రూపంలో అందరికీ చేర్చేందుకు ‘యురేకా’ అనే వ్యవస్థ ఏర్పడింది. టెక్నీషియనే చిట్కా రాస్తాడు, తోటి టెక్నీషియన్లు పరీక్షించి ఆమోదిస్తారు, రాసినవాడి పేరు దాంతోనే ఉంటుంది. డబ్బు బహుమతులు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చినప్పుడు టెక్నీషియన్లు వద్దన్నారు. డబ్బు పెడితే చిట్కా విలువ వెనక్కిపోయి సంఖ్య ముందుకొస్తుందని వాళ్లకు తెలుసు. తన పేరుతో ఉన్న చిట్కా వల్ల వేరే ఊళ్లో ఒక యంత్రం బాగుపడిందన్న కబురు ఒక పనిమంతుడికి ఇచ్చే తృప్తిని గిఫ్ట్ కూపన్ ఇవ్వలేదు. మన కర్మాగారాల్లోని ఫిట్టర్లకు, ఆపరేటర్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన అవసరం లేదు, కార్యక్రమాలు రూపొందించే కార్యాలయాలకు చెప్పాలి.

ఇక అందుకునే వైపు సంగతి. ఫోర్డ్ మోటార్ కంపెనీ 1990ల మధ్యలో తన వాహన ప్లాంట్ల మధ్య మెరుగైన పద్ధతులను పంచుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు ఈ విషయంలో మిగతావాటికన్నా స్పష్టంగా ఆలోచించినది. ప్రతి ప్లాంటులోనూ ఈ పనికి బాధ్యుడైన ఒక ఇంజినీరు ఉంటాడు. తన ప్లాంటులో ఒక మార్పు నిజంగా పనిచేసి, మిగిలింది ఎంతో లెక్క తేలిన తర్వాతే అతను దాన్ని నెట్‌వర్క్‌లో పెట్టగలడు. వివరణ కొద్ది వాక్యాల్లో, ఫొటోతో ఉంటుంది. అక్కడితో ఆగితే అది కూడా మరో పోర్టలే అయ్యేది. కానీ ఆ సమాచారం అందిన ప్రతి ప్లాంటూ జవాబు చెప్పి తీరాలి: అమలు చేశాం, పరిశీలనలో ఉంది, ఇంతకుముందే చేస్తున్నాం, మా దగ్గర వర్తించదు, ఖర్చు ఎక్కువ. ఏ ప్లాంటు ఎన్నింటికి ఏ జవాబు ఇచ్చిందో అందరికీ కనిపిస్తుంది. పద్ధతిని తీసుకోవాలని పైనుంచి ఆజ్ఞ ఉండదు, జవాబు ఇవ్వాలన్నది మాత్రం తప్పనిసరి. అన్నిటికీ మించి, ప్రతి ప్లాంటుకూ ఏడాదికింత ఖర్చు తగ్గించాలన్న లక్ష్యం ముందే ఉంది. దాన్ని చేరుకోవడానికి దారి వెతుక్కుంటున్న మేనేజరుకు ఈ సమాచారం అదనపు చాకిరీలా కాక చేతికందిన సాయంలా కనిపించింది.

‘మా దగ్గర వర్తించదు’ అన్న జవాబును అంగీకరించడం ఈ ఏర్పాటులో మంచి నిర్ణయం. పక్క ప్లాంటు పద్ధతి మనకు పనికిరాదనే మాట సగంసార్లు అభిమానం వల్ల, సగంసార్లు నిజంగా యంత్రం తేడా వల్ల వస్తుంది. రాతలో కారణం చెప్పవలసి వచ్చినప్పుడు ఆ రెండూ విడిపోతాయి. మన సంస్థల్లో ‘బెస్ట్ ప్రాక్టీస్’ పేరుతో కార్పొరేట్ కార్యాలయం నుంచి వచ్చే సర్క్యులర్‌కు ఈ వెసులుబాటు ఉండదు. అందరూ పాటిస్తున్నామని రాసేస్తారు, ఎవరూ పాటించరు.

ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు

పని ఎలా చేయాలో చెప్పే ఎస్ఓపీలు ఈరోజుల్లో ప్రతి పెద్ద ప్లాంటులోనూ ఉన్నాయి. ఎందుకు అలాగే చేయాలో చెప్పేవి చాలా అరుదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. లాక్‌డౌన్ కాలంలో ట్యాంకులో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కడం ఆ ప్రమాదానికి మూలం. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ట్యాంకు పైపింగ్‌లో అంతకుముందు చేసిన మార్పు వల్ల లోపలి ద్రవం సరిగా కలవకపోవడం, ఉష్ణోగ్రతను అడుగుభాగంలోనే కొలవడం, పాలిమర్‌గా మారకుండా ఆపే రసాయనాన్ని తగినట్టు వాడకపోవడం ఉన్నాయి.

స్టైరీన్ అలా ప్రవర్తిస్తుందన్నది దశాబ్దాలుగా పరిశ్రమకు తెలిసిన విషయం. అంటే ఇక్కడ కొరత ప్రపంచంలో జ్ఞానం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఒక పైపును ఒక ఎత్తు నుంచి మరో ఎత్తుకు మార్చాలని నిర్ణయించే బల్ల దగ్గరికి, రాత్రివేళ కూలింగ్ ఆపాలా వద్దా అని తేల్చే షిఫ్ట్ గదికి ఆ జ్ఞానం సరైన క్షణంలో చేరాలి. రసాయన పరిశ్రమలో ప్రతి మార్పుకూ ముందు పరిశీలన జరగాలన్న నియమం అందుకే ఉంది. ఆ పరిశీలన ఫారంలో ‘ఇప్పుడున్న ఏర్పాటు ఎందుకు ఇలా ఉంది’ అన్న గడి ఒకటి తప్పనిసరిగా ఉండాలి, దాన్ని నింపకుండా ఫారం ముందుకు కదలకూడదు. జవాబు తెలియకపోతే తెలియదనే రాయాలి. తెలియదని రాసి ఉన్న మార్పుపై సంతకం పెట్టే అధికారి చేయి కాస్త ఆగుతుంది. జ్ఞాన నిర్వహణను హెచ్‌ఆర్ విభాగానికో ఐటీ విభాగానికో అప్పగించి ప్రాసెస్ సేఫ్టీకి దూరంగా ఉంచడం ఎంత పెద్ద తప్పో ఇలాంటి సందర్భాలే చెబుతాయి.

నాణ్యతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001, 2015 సవరణలో సంస్థాగత జ్ఞానం గురించి 7.1.6 అనే ప్రత్యేక నిబంధన చేర్చింది. 2018లో జ్ఞాన నిర్వహణ వ్యవస్థల కోసమే ఐఎస్ఓ 30401 వచ్చింది. ఇవి మంచి ప్రేరణలే గాని, ఆడిటర్ వచ్చే వారం కోసం తయారయ్యే రిజిస్టర్లకు కూడా ఇవే దారి తీశాయి.

వర్క్ ఆర్డర్ ముగించే నిమిషం

ప్లాంటులో జ్ఞానం కాగితం మీదికి రావడానికి అత్యంత అనువైన క్షణం, మరమ్మతు పూర్తయి వర్క్ ఆర్డర్ (ఆ పనిని నమోదు చేసే పత్రం) మూసే క్షణం. అక్కడ సాధారణంగా కనిపించే రాత ఇలా ఉంటుంది: ‘కన్వేయర్ డ్రైవ్ పుల్లీ బేరింగ్ మార్చడమైనది. ట్రయల్ ఓకే.’ ఈ రాత వల్ల స్టోర్స్‌లో ఒక బేరింగ్ తగ్గిందని తెలుస్తుంది, ఇంకేమీ తెలియదు. అదే పని గురించి ఇలా రాస్తే: ‘బేరింగ్ నాన్‌డ్రైవ్ వైపు మాత్రమే పోయింది. సీల్ చీలి దుమ్ము చేరింది. పై షూట్ స్కర్ట్ రబ్బరు అరిగి సరుకు సరిగ్గా ఈ హౌసింగ్ మీదే పడుతోంది. రబ్బరు మార్చకపోతే మళ్లీ పోతుంది.’ నాన్‌డ్రైవ్ వైపు అంటే మోటారు లేని వైపు, స్కర్ట్ అంటే సరుకు పక్కలకు చిందకుండా కట్టే రబ్బరు పట్టీ. అదనంగా మూడు నాలుగు చిన్న వాక్యాలు. వీటి వల్ల వచ్చే షట్‌డౌన్ జాబితాలోకి స్కర్ట్ రబ్బరు చేరుతుంది, అదే రకం కన్వేయర్ ఉన్న మిగతా విభాగాలు తమ స్కర్టులు చూసుకుంటాయి.

ఫిట్టర్ ఇలా ఎందుకు రాయడు అన్నదానికి బద్ధకం జవాబు కాదు. మొదటి అడ్డంకి భాష. కంప్యూటర్‌లో రాత ఇంగ్లిషులో ఉండాలి, పని జరిగే చోట మాట తెలుగులోనో హిందీలోనో ఒడియాలోనో ఉంటుంది. విషయం తెలిసినవాడు చెబితే, దగ్గర లేనివాడు ఇంగ్లిషులోకి కుదించి టైపు చేస్తాడు, ఆ కుదింపులో ‘నాన్‌డ్రైవ్ వైపు’ అన్న ముక్క ముందే రాలిపోతుంది. తెలుగులో మాట్లాడితే రాతగా మారే సాధనాలు ఫోన్లలోకి వచ్చేశాక ఈ అడ్డంకిని ఇంకా కొనసాగించడానికి సాకు లేదు. రెండో అడ్డంకి భయం. స్కర్ట్ రబ్బరు అరిగిందని రాస్తే, ఎందుకు అరగనిచ్చారని ఎవరినో ఒకరిని నిలదీసే ప్లాంటులో ఆ వాక్యం ఎప్పటికీ రాదు. కారణం రాసినవాడికి మెమో రాకూడదన్న నియమాన్ని ప్లాంటు అధిపతి ఒకటి రెండు గట్టి సందర్భాల్లో నిలబెట్టి చూపించేదాకా ఎవరూ నమ్మరు, నమ్మనవసరం కూడా లేదు. మూడోది, రాసినదాన్ని ఎవరైనా చదువుతున్నారన్న ఆనవాలు లేకపోవడం. ఉదయం ప్రొడక్షన్ మీటింగులో నిన్నటి బ్రేక్‌డౌన్ ప్రస్తావన వచ్చినప్పుడు అధిపతి ఆ రాతను తెరిచి చదివి, ‘ఇదే యంత్రం ఇంకెక్కడెక్కడ ఉంది, వాళ్లు చూసుకున్నారా’ అని అడగడం మొదలుపెడితే నెల తిరగకముందే రాతలు మారతాయి. ఫోర్డ్ నెట్‌వర్క్‌లో తప్పనిసరి జవాబు చేసిన పని ఇక్కడ ఈ ప్రశ్న చేస్తుంది. జపాన్ కర్మాగారాల్లో, ముఖ్యంగా టొయోటాలో, ఒక చోట నేర్చుకున్నదాన్ని అడ్డంగా పక్క చోట్లకు పరచడాన్ని ‘యోకోతెన్’ అని పిలిచి, సమస్య పరిష్కారంలో దాన్ని ఒక భాగంగా చూస్తారు. పక్కవాళ్లకు చేరకపోతే సమస్య పూర్తిగా తీరినట్టు కాదు.

ఈ పునాది మనకు పరాయిది కాదు. భారతదేశంలో క్వాలిటీ సర్కిళ్లు మొదలైనది 1980లో, హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ యూనిట్‌లో. 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడి ఆ ఉద్యమాన్ని దేశమంతటికీ తీసుకెళ్లింది. షాప్‌ఫ్లోర్‌లో పనిచేసే ఆరేడుగురు వారానికొకసారి కూర్చుని తమ సమస్యకు కారణాన్ని తామే వెతికి, తీర్చి, అందరి ముందూ చెప్పే ఆ పద్ధతిలో జ్ఞాన నిర్వహణకు కావలసినవన్నీ ఉన్నాయి: తెలిసినవాడే చెబుతాడు, సొంత భాషలో చెబుతాడు, పేరుతో చెబుతాడు. లేనిది ఒక్కటే. పోటీలో బంగారు పతకం వచ్చిన ప్రాజెక్టు ఆ తర్వాత పక్క యూనిట్‌లో ఎక్కడెక్కడ అమలైందో ఎవరూ అడగరు. కొత్త పోర్టల్‌కు టెండర్ పిలిచే ముందు గత పదేళ్ల క్వాలిటీ సర్కిల్ ఫైళ్లు తీసి, వాటిలో మరో చోట పనికొచ్చేవి ఏరి, ఆయా విభాగాల నుంచి జవాబు అడిగితే అంతకన్నా చవకైన ఆరంభం దొరకదు.

మనుషుల కదలిక కూడా జ్ఞాన నిర్వహణే. జనరల్ మోటార్స్ 1984లో టొయోటాతో కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నూమీ (NUMMI) అనే ఉమ్మడి ప్లాంటు తెరిచింది. అంతకు రెండేళ్ల ముందు అక్కడే మూతపడిన జనరల్ మోటార్స్ ప్లాంటులోని పాత కార్మికుల్లో చాలామందిని తిరిగి తీసుకుని, టొయోటా పద్ధతిలో నడిపి, మంచి నాణ్యత సాధించింది. జనరల్ మోటార్స్ మేనేజర్లు అక్కడికి వెళ్లి కళ్లారా చూసి, చేతులతో చేసి నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక వాళ్లను తలా ఒక చోటికి వేయడంతో, చుట్టూ పాత పద్ధతే ఉన్న ప్లాంటులో ఒక్కడు చేయగలిగింది కొద్దిగానే మిగిలింది. ఆ పాఠం మిగతా ప్లాంట్లకు పాకడానికి ఆ కంపెనీకి చాలా ఏళ్లు పట్టింది. విదేశీ శిక్షణకు పంపిన నలుగురినీ తిరిగి రాగానే నాలుగు యూనిట్లకు బదిలీ చేసే మన సంస్థలు ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. ముగ్గురు నలుగురు కలిసి ఒకే చోట ఉంటే తప్ప కొత్త పద్ధతి పాత అలవాటు ముందు నిలవదు.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది ఇప్పుడు తేలికవుతుంది. ఒకసారి కారణం కనుక్కున్న బ్రేక్‌డౌన్ అదే కారణంతో మళ్లీ ఎన్నిసార్లు వచ్చింది, ఒక యూనిట్ నేర్చుకున్నది ఎన్ని యూనిట్లలో ఎన్ని రోజుల్లో అమలైంది, కొత్తగా చేరిన ఆపరేటర్ తోడు లేకుండా షిఫ్ట్ నడపడానికి ఎన్ని నెలలు పడుతోంది అన్న మూడు లెక్కలు పోర్టల్‌లోని పత్రాల సంఖ్య కన్నా నిజం చెబుతాయి. కృత్రిమ మేధతో పాత రికార్డులన్నింటినీ వెతికించే సాధనాలను ఇప్పుడు కంపెనీలు ఉత్సాహంగా కొంటున్నాయి. వెతుకులాట అడ్డంకిని అవి నిజంగానే తగ్గించగలవు. కానీ ఇరవై ఏళ్ల వర్క్ ఆర్డర్లలో ‘ట్రయల్ ఓకే’ అని మాత్రమే ఉంటే ఎంత తెలివైన సాధనమైనా వాటిలోంచి స్కర్ట్ రబ్బరు సంగతి బయటికి తీయలేదు.

చివరగా, ఇంతవరకు ఏ కేఎం కార్యక్రమమూ సరిగా పట్టించుకోని వర్గం ఒకటుంది. భారతీయ కర్మాగారాల్లో మెయింటెనెన్స్, రిఫ్రాక్టరీ, మెటీరియల్ హ్యాండ్లింగ్ పనుల్లో పెద్ద భాగం కాంట్రాక్ట్ కార్మికుల చేతుల మీదుగా జరుగుతోంది. కన్వేయర్ కింద దూరి స్కర్ట్ రబ్బరు అరగడాన్ని మొదట చూసేది వాళ్లే. పోర్టల్‌లో వాళ్లకు లాగిన్ ఉండదు, నాలెడ్జ్ కమ్యూనిటీలో చోటు ఉండదు, కాంట్రాక్టర్ మారినప్పుడు ఒక్క రోజులో మొత్తం బృందం మారిపోతుంది. టెండర్ పత్రంలో రెండు షరతులు చేర్చడం కష్టం కాదు: పాత కాంట్రాక్టర్ మనుషులు కొత్త బృందంతో కలిసి కొన్ని వారాలు పనిచేయాలి, ఆ కాలానికి వేతనం కంపెనీయే భరించాలి. ప్రతి పని ముగిశాక చూసినది చెప్పడానికి కార్మికుడికి అయిదు నిమిషాల సమయం పనిగంటల్లోనే ఇవ్వాలి. ఆ చెప్పినది అతని పేరుతోనే నమోదు కావాలి, కాంట్రాక్టర్ పేరుతో కాదు.